కావ్యపఠనము ఆనందమునకా? గౌరవమునకా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



25 సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము జరుగునపుడు పుస్తకములను పొగడుట ఆచారము. పుస్తకము దీపమనియు, మిత్రమనియు, గురువనియు వక్తలు చెప్పుదురు. అవి అసత్యములు కావు. అయినను సభవారు లోగడ అనేక పర్యాయములు విన్నవే. కావున నేడు పొగడ్తకు బదులు ఒక ప్రశ్నను విచారించుట యుక్తము. ఈ ప్రశ్నను వేదికపై ఎవ్వరును అడుగరు. రచ్చబండ యొద్ద మాత్రము తరచుగా అడుగుచునే యుందురు. ఆ ప్రశ్న యిది: భారతమును, మనుచరిత్రను, త్యాగరాజ కీర్తనను మెచ్చుకొనువారు నిజముగా ఆనందించియే మెచ్చుకొనుచున్నారా? లేక మెచ్చుకొన్నచో నలుగురిలో గౌరవము కలుగునని మెచ్చుకొనుచున్నారా?

ప్రశ్న మోటుగా నున్నది. అంతమాత్రమున దానిని త్రోసివేయరాదు. దీనిని అడుగువాడు సాధారణముగా చదువునకు శత్రువు కాడు. ఎన్నడో ఒకనాడు పెద్దల నడుమ కూర్చుండి, తనకు తెలియని పద్యమునకు తానును తలయూపి, ఇంటికి వచ్చి తనలో తాను సిగ్గుపడినవాడు. అట్టివాని పక్షమును ముందుగా వినుట న్యాయము.

అతడు మొదట బీరువాను చూపును. కలిగిన యిండ్లలో అద్దాల బీరువా యుండును. అందు కవిత్రయ భారతము, భాగవతము, ప్రబంధములు బంగారు అక్షరముల అట్టలతో వరుసగా నిలిచియుండును. వెనుకటి కాలమున కొన్ని పుస్తకములు అంచులు కోయకయే అమ్ముడుపోయెడివి. చదువదలచినవాడు కత్తితో పుటలను తానే విడదీసికొనవలెను. అట్టి పుస్తకము తాతగారి బీరువానుండి మనుమని చేతికి వచ్చినపుడు మొదటి పీఠికవరకే పుటలు విడివడి, తక్కినవి మడతలుగనే యుండుటయు కలదు. ఆ పుస్తకము అరువది యేండ్లు ఆ యింట గౌరవముగా నివసించినది. ఒక్కనాడును పని చేయలేదు.

పిమ్మట అతడు అవధాన సభకు తీసికొనిపోవును. నిషిద్ధాక్షరి అడుగు పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరమును నిషేధించుచుండగా, అవధాని దానిని తప్పించుకొని పాదమును నిర్మించును. నడుమ గంటల లెక్క, అప్రస్తుత ప్రసంగము. అది మానవుని బుద్ధికి మిక్కిలి కష్టమైన పరీక్ష. కాని వెనుక వరుసలలోనివారు పెక్కుమంది అవధానిని చూడరు. ముందు వరుసలో కూర్చున్న పండితుని తలను చూతురు. ఆ తల కదలినచో ఇచ్చట చేతులు మ్రోగును. ఆ పండితుడు కునికిపాటున తల వాల్చినను కరతాళధ్వనులు పుట్టు ప్రమాదము కలదు.

సంగీత సభలోను ఇట్లే. తొడపై తాళము వేయువారిలో కొందరి తాళము పాటకు సంబంధించినది కాదు. ప్రక్కవాని చేతికి సంబంధించినది. నేటి దినములలో తెల్లవారగనే ఫోనులలో పద్యములు వచ్చుచున్నవి. పంపినవాడు నాల్గవ పాదమువరకు చదివెనో లేదో చెప్పుట కష్టము. 2008వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన భారత ప్రభుత్వము తెలుగునకు ప్రాచీన భాషా ప్రతిపత్తి నొసగినది. అది న్యాయముగా రావలసిన గౌరవమే. తెలుగువారందరును సంతోషించిరి. సంతోషించిన యిండ్లలో ఆ రాత్రి ఒక్క పద్యమైనను చదువుకొనిన యిండ్లు ఎన్ని యని అడిగినచో సమాధానము చెప్పుటకు సందేహింపవలసి వచ్చును. భాషకు హోదా వచ్చుట వేరు, పుట తిరుగుట వేరు.

ఇది నేటివారి దోషము మాత్రమే కాదు. పూర్వులు సప్తసంతానములని ఏడింటిని చెప్పిరి. కుమారుడు, చెరువు, దేవాలయము, వనము, నిధి, అగ్రహారము, వీనితోపాటు కృతియు ఒక సంతానమే. కృతిని అంకితము పొందుట వంశము నిలుపుకొనుటతో సమానము. రాజులు కావ్యమును అంకితము పుచ్చుకొనునపుడు తమ పేరు శాశ్వతముగా నిలుచునని తలచిరి. కవికి అగ్రహారము, ప్రభువునకు కీర్తి. ఇందు లోపలి లెక్క బయటికి కనబడుచునే యున్నది.

ఇంతవరకు వాది చెప్పినది నిజము. దీనిని కాదనువాడు తన్ను తాను మోసపుచ్చుకొనువాడు. అయితే జమ ఒకవైపు మాత్రమే చూచి ఖాతా మూయుట పద్ధతి కాదు. రెండవవైపు కూడ చూడవలెను.

అంకితములు పొందిన ప్రభువులలో అగ్రగణ్యుడు శ్రీకృష్ణదేవరాయలు. 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలినవాడు. అల్లసాని పెద్దన మనుచరిత్రము ఆయనకే అంకితము. కీర్తియే ఆయనకు కావలసినచో అది చాలును. అట్లుండగా ఆయన యుద్ధయాత్రల నడుమ స్వయముగా ఆముక్తమాల్యదను రచించి వేంకటేశ్వరునకు అంకిత మిచ్చెను. అది సులభ గ్రంథము కాదు. అందు వర్షకాల వర్ణన చూడవలెను. వానలో తడిసిన కట్టెలతో పొయ్యి రాజుకొనక పల్లెటూరి యిల్లాలు పడు పాట్లను ఆ చక్రవర్తి వర్ణించినాడు. సింహాసనముపై కూర్చున్నవానికి తడికట్టెల పొగతో ఏమి గౌరవము వచ్చును? ఆ పొగను చూచి, దానిని పద్యములో నిలుపవలెనని తోచుట ఆనందించువాని లక్షణమే గాని ప్రతిష్ఠ కోరువాని లక్షణము కాదు. ఒక్క మనిషిలోనే ఈ రెండు కోరికలును ఉండవచ్చునని దీనివలన తెలియుచున్నది. గౌరవమును కోరినంతమాత్రమున ఆనందము అబద్ధము కాదు.

ఇక గౌరవము ఏమాత్రమును లభింపని చోట పద్యము బ్రదికినదా యని చూడవలెను. తిరుపతి వేంకటకవులు, అనగా దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారలు, భారతకథను నాటకములుగా రచించిరి. అందు పాండవోద్యోగ, పాండవ విజయములు ఆంధ్రదేశమున ఎన్ని ఊళ్ళలో ఎన్ని రాత్రులు ఆడబడినవో లెక్కకు అందదు. పంటలు ఇంటికి చేరిన తరువాత పొలములలో పందిరి వేసి, పెట్రోమాక్సు దీపములు వ్రేలాడగట్టి, తెల్లవారువరకు ఆడెడివారు. చూచువారు నేలపై గోనెపట్టాలు పరచుకొనెడివారు. రాయబార ఘట్టమున శ్రీకృష్ణుడు పద్యము నెత్తుకొనగానే నిద్రించు పిల్లలు సయితము లేచి కూర్చుండెడివారు. రాగము తీసి ముగించిన వెంటనే "వన్సుమోర్" అను కేకలు. కేక వేసినవానికి అక్షరములు రాకపోవచ్చును. మరునాడు కపిల తోలుచును, అరక దున్నుచును అతడే ఆ పద్యమును గొంతెత్తి పాడుకొనెడివాడు. అచ్చట వినువారు ఎవరు? ఎడ్లు. ఎడ్ల యెదుట పాండిత్యము చూపి గౌరవము సంపాదింప దలచినవాడు ఇంతవరకు పుట్టలేదు.

తోలుబొమ్మలాటగాండ్రు రంగనాథ రామాయణపు ద్విపదలను తరతరములుగా నోటనిడుకొని ఊరూరను వినిపించిరి. పాల్కురికి సోమనాథుడు జనులకు అందునట్లుగా జాను తెనుగును, ద్విపదను చేపట్టెను. పోతన భాగవతమును శ్రీరామునకు అంకితము చేసెను. ఏ రాజునకును ఇయ్యలేదు. రాజు లేని ఆ కృతియే రాజులకు అంకితమైన కృతులకంటె ఎక్కువ యిండ్లలో ప్రవేశించినది. గజేంద్రమోక్షము, ప్రహ్లాద చరిత్రము చదువరానివారి నాలుకలపై కూడ నిలిచినవి.

దీనివలన ఇంకొక సంగతియు బయటపడుచున్నది. ఏది పై తరగతి విద్య, ఏది పల్లెటూరి వేడుక అనునది ఆ వస్తువును బట్టి నిర్ణయమగుట లేదు. చూచువారు కూర్చున్న కుర్చీని బట్టి నిర్ణయమగుచున్నది. వేమన పద్యములను పండితులు చాలకాలము కవిత్వముగనే లెక్కింపలేదు. సి. పి. బ్రౌను 1829లో వానిని ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. దొర మెచ్చిన పిమ్మట ఆ పద్యములకు క్రమముగా కుర్చీ లభించినది. పద్యము మారలేదు, కుర్చీ మారినది. అంతకు పూర్వము ఆ పద్యములను కాపాడినవారు ఎవరు? కుర్చీ లేనివారు.

గౌరవము లేకుండుట మాత్రమే కాక, ఉన్న గౌరవమునకు నష్టము కలుగునని తెలిసియు కావ్యమును విడువనివారు కలరా యని వాది అడుగవచ్చును. కలరు. బెంగుళూరు నాగరత్నమ్మగారి చరిత్రము దీనికి నిదర్శనము. ఆమె 1878లో జన్మించినది, దేవదాసీ కుటుంబపు స్త్రీ, సంగీతమున గొప్ప విదుషీమణి, సంస్కృతాంధ్రములు నేర్చినది. తంజావూరు ప్రభువైన ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును ఆమె చదివి మిక్కిలి మెచ్చుకొనినది. తనకు లభించిన అచ్చు ప్రతిలో లోపములున్నవని తెలిసి, వ్రాతప్రతిని సంపాదించి, శ్రమపడి పరిష్కరించి, 1910లో వావిళ్ళవారిచే ప్రకటింపజేసినది. అప్పటికే పేరు వహించిన పెద్దలు ఆ కావ్యమును తప్పుపట్టియుండిరి. ప్రభుత్వము అశ్లీలమని నిషేధించినది. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. సభలలో మన్నన పొందుచున్న గాయనికి ఈ పని వలన వచ్చినది నింద. ఆమె గౌరవమును కోరినచో ఆ పుస్తకమును మూసి పెట్టియుండును.

ఆమెయే తన ఆస్తిని వెచ్చించి తిరువైయారున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించినది. ఆరాధనోత్సవమున స్త్రీలు పాడుటకు వీలులేదని నాటి నిర్వాహకులు పట్టుబట్టగా, స్త్రీలచేత వేరుగా ఉత్సవము చేయించినది. ఇచ్చట రెండు పక్షములును కనబడుచున్నవి. ఒక పక్షమువారు ఆ కీర్తనలను తమ హోదాకు కంచెగా కట్టుకొనిరి. రెండవ పక్షమున ఒక స్త్రీ ఆ కీర్తనలకై తనకున్నది ఊడ్చి యిచ్చినది. కళవలన తనకు ఏమి వచ్చునో చూచువాడొకడు. కళకు తాను ఏమి యీయగలనో చూచువాడొకడు. ఆనందమునకును ప్రతిష్ఠకును భేదము తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన గుర్తు దొరకదు.

అయితే సామాన్యునికి ఒక సందేహము మిగిలియుండును. "భారతము చేతబట్టినచో అర్థము కాదు. అర్థము కానిదానిని ఆనందించితిననుట నటన కాదా?" అని. దీనికి సమాధానము జాగ్రత్తగా చెప్పవలెను. త్యాగరాజు 1847లో సిద్ధి పొందినాడు. ఆయన కీర్తనలు చాల మట్టుకు తెలుగు. తెలుగు రాని తమిళ సోదరులు వానిని తరతరములుగా కన్నీటితో విను చున్నారు. వారికి ప్రతి పదమునకు అర్థము తెలియదు. అయినను వారి కన్నీరు నటన కాదు. అర్థము పూర్తిగా తెలియకమునుపే ఆనందము మొదలుకావచ్చును. పిల్లవాడు సుమతీ శతకమును అర్థము తెలియకయే వల్లించును. అప్పుడు అతనికి తెలిసినది పంతులుగారి బెత్తము మాత్రమే. ముప్పది యేండ్ల పిమ్మట, అన్నదమ్ములతో పొలము పంచుకొను దినమున, ఆ పద్యము పిలువకయే వచ్చి ఎదుట నిలుచును. ఆ దినమున దాని అర్థము తెలియును. మొదట భయముతో వచ్చిన పద్యము తరువాత బంధువైనది.

కాశ్మీర దేశీయుడైన అభినవగుప్తుడు సుమారు వేయి సంవత్సరములకు పూర్వమే ఈ విషయమును విచారించెను. ఎడతెగక కావ్యములతో పరిచయము చేసికొనుటచే మనస్సు అద్దమువలె స్వచ్ఛమై, వర్ణింపబడిన దానిలో లీనము కాగల యోగ్యత సంపాదించినవాడే సహృదయుడని ఆయన అభిప్రాయము. ఈ లక్షణమున కులము లేదు, ధనము లేదు, పట్టము లేదు. ఉన్నది పరిచయము మాత్రమే. అద్దమును తుడువవలెను, అది ఒకనాటితో తీరదు. కావున మొదటి నాడు పద్యము రుచింపకపోవుట దోషము కాదు. రుచింపని నాడు రుచించినదని చెప్పుటయే దోషము. ఏలయన, రుచించినదని ఒకసారి చెప్పినవాడు మరల అర్థము అడుగలేడు. అడిగినచో మొదటి మాట అబద్ధమని తేలును. అబద్ధమును కాపాడుకొనుటకై అతడు జీవితాంతము తలయూపుచునే యుండవలెను. నటన వలన ఎదుటివారికి నష్టము కొంచెమే. నటించువానికి మిక్కిలి నష్టము. అతడు ఆనందపు గుమ్మము దాక వచ్చి, లోపల నున్నానని చెప్పి, బయటనే నిలిచిపోయినవాడు.

కావున నిజమైన పాఠకుని గుర్తించుటకు పాండిత్యముతో పనిలేదు. అతడు ఒంటరిగా ఉన్నపుడు చదివిన పద్యమునే మరల చదువును. తెలియనిచో ఎవరినైనను అడుగును, చిన్నవానినైనను అడుగును. అన్నిటికంటె ముఖ్యముగా, అతనికి నచ్చనివియు ఉండును. తిక్కన పాత్రల సంభాషణలు మనస్సునకు పట్టినవి, వసుచరిత్రలోని శ్లేషలు మాత్రము తలనొప్పి తెచ్చినవి అని నిర్భయముగా చెప్పగలవాడు రెండింటిని చదివినవాడు. మరియొకనికి వసుచరిత్రములోని నాదమే ప్రాణము కావచ్చును. ఇద్దరును ధన్యులే. అన్నియు అద్భుతములే యనువాడు సాధారణముగా అట్టలను మాత్రమే చదివియుండును.

ఇక ఈ విచారణవలన గ్రంథాలయమునకు కలుగు ప్రయోజన మేమి? ఒక గ్రామమున జరిగిన సంగతి చెప్పినచో అది విశదమగును. ఆ గ్రామమున ఒక సంవత్సరము ఆషాఢము గడచినను వానలు లేవు. అట్టి సంవత్సరములయందు విరాటపర్వమును చదివించినచో వానలు కురియునని తెలుగుదేశమున నమ్మకము. గ్రామస్థులు దేవాలయ మండపమున పఠనము ఏర్పాటు చేసిరి. చదివించినవారు రసము కొరకు చదివింపలేదు, ప్రతిష్ఠ కొరకును చదివింపలేదు. వాన కొరకు చదివించిరి. వినువారిలో పాలికాపుగా బ్రదుకుచున్న ఒక యువకుడు స్తంభమునకు ఆనుకొని కూర్చుండెడివాడు. ద్రౌపది సైరంధ్రిగా పడిన అవమానము, వంటశాలలో భీమునితో మొర పెట్టుకొనుట, కీచకుని వధ, ఇంతవరకు కథ నడిచినది. ఆ రాత్రి వాన కురిసెను. మరునాడు ఊరంతయు అరకలు కట్టినది. వినువారు లేక పఠనము అంతటితో ఆగిపోయినది. వాన వచ్చినది గనుక భారతముతో పని తీరినదని ఊరివారు తలచిరి.

ఆ యువకునికి మాత్రము పని తీరలేదు. నాట్లు ముగిసిన తరువాత అతడు ఆ ఊరి గ్రంథాలయమునకు వెళ్ళి, విరాటపర్వము కావలెనని అడిగెను. పాండవులు బయటపడిరా లేదా, బృహన్నల రథమెక్కి ఏమి చేసెనో తెలిసికొనవలెనని అతని కోరిక. బల్లయొద్ద కూర్చున్న పెద్దమనిషి అతనిని క్రిందినుండి మీదికి చూచి నవ్వెను. "అది తిక్కనరా అబ్బీ! నీకు కొరుకుడు పడదు. డిటెక్టివు నవల తీసికొనిపో" అనెను. ఆ మాటలో కోపము లేదు, దయయే యున్నది. భారతపు బీరువా తాళపుచెవి తన జేబులో నుండుట ఆయనకు ఒక హోదా. యువకుడు నవల తీసికొనెను. దానిని మరునాడు తిరిగి యిచ్చెను. పిమ్మట అతడు ఆ మెట్లెక్కినట్లు ఎవరును చూడలేదు. విరాటపర్వము ఆ యేడాది పొడుగునను అద్దాల వెనుకనే యుండెను. దానికి దుమ్ము పట్టలేదు. పండుగ పండుగకు తుడిచెడివారు.

ఈ సంగతిలో నవ్విన పెద్దమనిషిని నిందించి ప్రయోజనము లేదు. ఆయన పుస్తకములను ప్రేమించినవాడే. చినిగిపోవునను భయముతో కాపాడినవాడే. కాని గౌరవము కొరకు పఠించుటవలన కలుగు అసలైన కీడు ఎచ్చటనున్నదో ఇందు కనబడుచున్నది. డంబమునకు పుస్తకము కొని చదువనివాడు తనకు మాత్రమే లోపము చేసికొనును. ఇది నీకు తగదని ఒక్క మాట చెప్పినవాడు, దానిని ఆనందించుటకు సిద్ధముగా నున్న ఒక హృదయమును మూసివేయును. ఆ యువకుడు కోరినది పాండిత్యము కాదు. తరువాత ఏమి జరిగెనో తెలిసికొన గోరెను. వ్యాసుడు చెప్పినను, తిక్కన తెలుగు చేసినను, తరువాత ఏమి జరిగెనని అడుగు మనిషి కొరకే గదా! ఆ గ్రామమున భారతమునకు సరియైన పాఠకుడు ఆ దినమున బల్లయొద్దకు వచ్చి వెనుకకు మరలినాడు.

గౌరవాపేక్షకును కొంత మేలు చేయు గుణము కలదని ఒప్పుకొనవలెను. పిఠాపురము మహారాజుగారి పోషణము లేనిచో సూర్యరాయాంధ్ర నిఘంటువు వెలువడియుండదు. తమ పేరు శిలాఫలకముపై ఉండవలెనని కోరిన దాతల ధనముతో ఎన్నియో గ్రామములలో గ్రంథాలయములకు గోడలు లేచినవి. పేరు కోరి ఇచ్చినను, ఇచ్చినది ఇచ్చినదే. దాతలకు నమస్కారము. గౌరవము బీరువాను చేయించును. కాని దానిని తెరచుటకు గౌరవమునకు చేతులు రావు. తెరచుట గ్రంథాలయపు పని.

ఈ దేశమున గ్రంథాలయోద్యమమును నడిపినవారు ఈ రహస్యమును ఎరిగినవారే. 1911లో బెజవాడయందు రామమోహన గ్రంథాలయము వెలసినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన అచ్చటనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు తమ జీవితమును ఆ కార్యమునకే అర్పించిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము స్థాపింపబడినది. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు మండలపు కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. పడవలో ప్రయాణము చేయువాడు మెల్లగా సాగు నీటిమీద, గట్టు చేరువరకు ఏమియు తోచక కూర్చుండును. అతని చేతికి పుస్తకము వచ్చినచో, అతడు చదువుచున్నాడని మెచ్చుకొనుటకు అచ్చట సభ లేదు, అధ్యక్షుడు లేడు. పుస్తకమును మనిషికిని ఏకాంతము కల్పించుటయే ఆ మహనీయులు చేసిన పని.

రజతోత్సవ సమయమున ఈ గ్రంథాలయము అవలంబింపదగిన నియమములు మూడు కలవు. మొదటిది, కవిత్రయ భారతమును, భాగవతమును, ప్రబంధములను తాళములోనుండి బయటికి తెచ్చి, నవలల ప్రక్కనే, చేయి చాచినచో అందునట్లు పెట్టవలెను. చినిగిపోవునను భయము న్యాయమే. కాని చినిగిన పుస్తకమునకు జిల్దు కట్టించుటకు కొలది రూపాయలు చాలును. చదువక మిగిలిన పుస్తకమును బాగుచేయు పనివాడు ఎచ్చటను లేడు. జమాఖర్చులు వ్రాయునపుడు చినిగిన పుస్తకమును నష్టము క్రింద వ్రాయుట వాడుక. యథార్థమునకు అది రాబడి.

రెండవది, పక్షమునకు ఒక రాత్రి ఏదేని ఒక కావ్యమునుండి కొంచెము కొంచెముగా చదివి వినిపింపవలెను. చదువువాడు పద్యము చదివి, కథ చెప్పి, అంతట ఆగవలెను. వినువారు అడుగవలెను. ఎంత చిన్న ప్రశ్ననైనను నవ్వరాదను నియమము ఉండవలెను. వానలు కురిసినను పఠనము ఆపరాదు. స్త్రీలకును వీలగు వేళ నిర్ణయింపవలెను. ఏలయన, పురాణ కాలక్షేపములలో వెనుక వరుసల కూర్చుండి, కథను మనస్సున పట్టి, ఇంటికి పోయి పిల్లలకు చెప్పి నిలిపినవారు వారే.

మూడవది, నచ్చలేదని చెప్పుటకు ఎల్లరకును స్వేచ్ఛ ఉండవలెను. ఈ ప్రబంధము నాలుగు పుటలు చదివితిని, సాగలేదు, ఇంకొకటి ఇయ్యుడు అని చెప్పినవానిని అల్పునిగా చూడరాదు. అతడు మోసము చేయలేదు. నాలుగు పుటలు చదివినాడు. అట్టివాడు ఐదవ పుస్తకముతో నిలిచిపోవచ్చును. నవలయే చదివెదనన్నచో నవలయే చదువనిండు. రసమునకు ద్వారములు పెక్కు.

కావున రచ్చబండ ప్రశ్నకు సమాధానము ఇది. గౌరవము కొరకు మెచ్చుకొనువారును కలరు. ఆనందించి మెచ్చుకొనువారును కలరు. ఒక్క మనిషిలోనే ఆ రెండును కలసియుండుటయు కలదు. గౌరవము కొరకు వచ్చినవాడు ఆనందము రుచి చూచి నిలిచిపోయిన సందర్భములు లేకపోలేదు. అందుచేత వచ్చినవాడు ఎందుకు వచ్చెనని గుమ్మము దగ్గర విచారణ చేయనక్కరలేదు. రానిచ్చి పుస్తకము చేతికిచ్చినచో, తక్కిన పని పుస్తకము చూచుకొనును. కాని తనకు అర్హత లేదని తలచి మెట్ల దగ్గరనే ఆగిపోయినవాడు ప్రతి గ్రామమునను ఒకడుండును. అతనికొరకు మెట్లు దిగి ఎదురు వెళ్ళవలసియున్నది. కీచకవధ వరకు విని, తరువాత ఏమి జరిగెనో తెలియక, నేటికిని ఏ పొలము గట్టుననో పని చేయుచున్నవానికి ఉత్తర గోగ్రహణపు కథ ఇంకను బాకీ యున్నది.

గ్రంథాలయపు చిట్టాలో ఆ బాకీ తీర్పబడుగాక! ఈ సంస్థ స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి విరాటపర్వపు అట్ట అరిగి, జిల్దు రెండు మూడు పర్యాయములు మారి, పుటల అంచులు వ్రేళ్ళ తడికి నల్లబడియుండుగాక!

స్వస్తి.